గర్భసంచి తీయించుకొనుటకు ముందు

రైల్వే పనులకై ఖరగ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబములు పూరీ గేట్ వంటి పేటలలో స్థిరపడినను, మంచిచెడ్డలకు పుట్టినింటివారి సలహాయే వినుట కద్దు. “పిల్లలు పుట్టిరి గదా, ఇక గర్భసంచి యెందుకు?” అనునది అట్టి సలహాలలో నొకటి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15–49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి సుమారు 3; ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9.

గర్భాశయము సుమారు 7.5 సెంటీమీటర్ల పొడవుగల కండరపు సంచి. దాని కిరువైపుల రెండు అండాశయములు కలవు. ఎముకలకు బలమిచ్చు ఈస్ట్రోజెన్‌ను ముఖ్యముగా ఇవియే తయారుచేయును. ఇవి సహజముగా పని చాలించినప్పుడు ముట్టుడుగును. సాధారణముగా 45–55 ఏండ్ల మధ్య జరుగు ఈ మార్పు వ్యాధి కాదు.

సంచిని మాత్రమే తీసినచో ముట్టు ఆగును గాని అండాశయములు పనిచేయుచునే యుండును. ముట్టుడుగక మునుపే వానిని గూడ తీసినచో ఒంటి ఆవిర్లు, నిద్రలేమి ఒక్కసారిగా కలుగవచ్చును. వయస్సు చిన్నదైనకొలది ఎముకలకు, గుండెకు హాని హెచ్చు.

కేన్సరు, మందులకు లొంగని అధిక రక్తస్రావము, బాధించు గడ్డలు, సంచి బాగుగా జారుట, వీనికి శస్త్రచికిత్స అవసరము కావచ్చును. తెల్లబట్ట, నడుమునొప్పి మాత్రమే అందుకు చాలిన కారణములు కావు. “జబ్బేమి? వేరు చికిత్స కలదా? అండాశయముల నుంచెదరా?” అని వైద్యుని అడుగవలెను, రెండవ వైద్యుని అభిప్రాయము గూడ తీసికొనవలెను.

ముట్టు నిలిచి యేడాది దాటిన పిమ్మట రక్తము చుక్కయైనను కనిపించినచో, సిగ్గుపడక వెంటనే పరీక్ష చేయించుకొనవలెను.