పాత కంప్యూటర్‌కి మోడెం పెట్టుకోవడం ఎలా?

సౌదీ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ డ్యూటీ అయిపోయి అబ్బా రూముకి చేరి రాత్రి 8 గంటలకు నెట్ ముందు కూర్చుంటే, ఇక్కడ మనకు పదిన్నర. ఆ టైముకి పిల్లల్ని నెట్ సెంటర్‌కి పంపలేం. ఇంట్లో విండోస్ 98 ఉన్న పాత కంప్యూటర్, ల్యాండ్‌లైన్ ఫోన్ ఉంటే కొత్త కంప్యూటర్ అక్కర్లేదు. ఒక మోడెం చాలు.

కంప్యూటర్ అంకెలను ఫోన్ తీగ మీద వెళ్లే శబ్దంగా మార్చడం, అటు నుంచి వచ్చే శబ్దాన్ని మళ్లీ అంకెలుగా మార్చడం మోడెం పని. డయల్ చేయగానే వినిపించే ఆ కీచు మోత, రెండు వైపుల మోడెంలు ఏ వేగంతో మాట్లాడుకోవాలో తేల్చుకోవడమే. భయపడకండి.

ఏది కొనాలి?

చవగ్గా దొరికే లోపలి కార్డుల్లో ఎక్కువ భాగం విన్‌మోడెంలు. అవి తమ పనిలో చాలా భాగం ప్రాసెసర్ మీదే వేస్తాయి, పాత మెషిన్ ఈడ్చలేదు. సీరియల్ పోర్టుకి తగిలించే బయటి మోడెం కాస్త ఖరీదెక్కువైనా పాత కంప్యూటర్‌కి అదే మేలు.

బిగించడం

కంప్యూటర్ ఆఫ్ చేసి, వెనక 9 పిన్నుల పోర్టుకి మోడెం కేబుల్ పెట్టండి. గోడ నుంచి వచ్చే ఫోన్ వైరు 'లైన్' అని ఉన్న రంధ్రంలో, ఫోన్ సెట్టు వైరు 'ఫోన్' అని ఉన్న దాంట్లో పెట్టాలి. మోడెం, కంప్యూటర్ ఆన్ చేసి కంట్రోల్ ప్యానెల్‌లో 'మోడెమ్స్' తెరిచి 'యాడ్' నొక్కండి. డ్రైవర్ సీడీ పోయిందా? నెట్ సెంటర్‌లో దించుకుని ఫ్లాపీలో తెచ్చుకోండి. పనిలో పనిగా ఈ పేజీ కూడా ప్రింట్ తీసుకోండి, ఇంట్లో ఇంకా నెట్ లేదు కదా!

తర్వాత 'డయాగ్నస్టిక్స్'లో మీ పోర్టు ఎంచుకుని 'మోర్ ఇన్ఫో' నొక్కండి. 16550 అని కనిపిస్తే మంచిదే. 8250 గానీ 16450 గానీ ఉంటే మోడెం ప్రాపర్టీస్‌లో గరిష్ఠ వేగం 19200కి తగ్గించండి. లేకపోతే మధ్యలో డేటా పోతుంది.

మౌస్ ఆగిపోతోందా?

మా ఇంట్లో లోపలి మోడెం పెట్టినప్పుడు, డయల్ చేయగానే మౌస్ బిగుసుకుపోయేది. మోడెం పాడైంది, మార్చాలన్నాడు మెకానిక్. అసలు సంగతి వేరు. కామ్ 1, కామ్ 3 పోర్టులు మామూలుగా ఒకే ఇంటరప్ట్ 4ని, కామ్ 2, కామ్ 4 ఇంటరప్ట్ 3ని పంచుకుంటాయి. మౌస్ కామ్ 1 మీద, మోడెం కామ్ 3 మీద ఉండి కొట్టుకుంటున్నాయి. మోడెంని కామ్ 2కి మార్చాక సరిపోయింది. పైసా ఖర్చు కాలేదు.

కనెక్షన్

'మై కంప్యూటర్'లో 'డయల్-అప్ నెట్‌వర్కింగ్' తెరిచి, 'మేక్ న్యూ కనెక్షన్'లో నెట్ కంపెనీ ఇచ్చిన నంబరు వేయండి. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ డయల్ చేసేటప్పుడు అడుగుతుంది. 'సర్వర్ టైప్స్'లో టీసీపీ/ఐపీ ఒక్కటే ఉంచి మిగతా టిక్కులు తీసేస్తే లాగిన్ త్వరగా అవుతుంది. మీ ఎక్స్ఛేంజ్ పాతదైతే 'టోన్' బదులు 'పల్స్' పెట్టి చూడండి.

డయల్ టోన్ లేదంటే ముందు వైర్లు తారుమారయ్యాయేమో చూడండి. మాటిమాటికీ తెగిపోతుంటే లోపలి గదిలో ఎవరైనా ప్యారలల్ ఫోన్ ఎత్తుతున్నారేమో కనుక్కోండి. కాల్ వెయిటింగ్ ఉంటే ఆపించండి.

బిల్లు జాగ్రత్త

56కె అంటే 56 కిలోబిట్లు. మంచి లైన్ మీద కూడా సెకనుకి 4, 5 కిలోబైట్లే దిగుతాయి. ఒక ఎంబీ ఫోటోకి మూడు నాలుగు నిమిషాలు. పంపేటప్పుడు వేగం ఇంకా తక్కువ, అందుకే ఫోటోలు చిన్నవి చేసి పంపండి. నెట్ గంటలు వేరు, ఫోన్ బిల్లు వేరు. ఉత్తరం ముందే ఆఫ్‌లైన్‌లో రాసుకుని, కనెక్ట్ చేసి, పంపి, వెంటనే కట్ చేయండి. ఉరుములు మెరుపులు వస్తే ఫోన్ వైరు పీకేయడం మరవద్దు.

ఇంకొక్క మాట. నెట్ నడుస్తున్నంతసేపూ ఫోన్ ఎంగేజే. అబ్బా ఫోన్ చేసే రోజు, టైము ఇంట్లో అందరికీ తెలిసేలా రాసి కంప్యూటర్ మీద అంటించండి. ఆయనతో మాట్లాడటానికి పెట్టుకున్న మోడెం ఆయన ఫోన్‌కే అడ్డు రాకూడదు.