పన్నెండు అక్షరాల ఊరిపేరు

సిద్దిపేట జిల్లా చింతమడక పేరు చాలామందికి తెలిసిందే. తెలంగాణ తొలి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు 1954లో పుట్టింది అక్కడే. ఇక్కడ మన పని ఊరితో కాదు, ఆ పేరుతో. ఇంగ్లిష్‌లో రాస్తే అందులో పన్నెండు అక్షరాలుంటాయి: సి, హెచ్, ఐ, ఎన్, టి, ఎ, ఎం, ఎ, డి, ఎ, కె, ఎ. ఈ అక్షరాలతో ఏయే ఇంగ్లిష్ మాటలు వస్తాయి? బడిపిల్లల పజిల్‌లో ఇలాంటి ప్రశ్న వస్తే మనం పెన్సిల్ పట్టుకుని అరగంట కూర్చుంటాం. ఫోన్‌ను అడిగితే జాబితా క్షణంలో వస్తుంది. అంత త్వరగా అది ఎలా వెతికింది?

అక్షరాలను తారుమారు చేసి చూసిందనుకుంటాం. అలా చేస్తే తెల్లారుతుంది. నాలుగు అక్షరాలను 24 రకాలుగా పేర్చవచ్చు, ఐదైతే 120, ఏడైతే 5,040. చింతమడక పన్నెండింటినీ కలిపి పేరిస్తే, 'ఎ' నాలుగుసార్లు రావడం వల్ల కొంత తగ్గినా, 1,99,58,400 వరసలు. వాటిలో దాదాపు అన్నీ నోరు తిరగని చెత్త.

పోనీ నిఘంటువు తిరగేద్దామా? నిఘంటువు మొదటి అక్షరం తెలిసినవాడికే దారి చూపిస్తుంది. పెళ్లిలో చదివింపులు రాసుకున్న నోట్‌బుక్ గుర్తు చేసుకోండి. వచ్చినవాళ్లు వచ్చిన వరసలో పేర్లు ఎక్కుతాయి. ఏడాది తర్వాత ఫలానా ఊరివాళ్లు ఎంత చదివించారో చూడాలంటే మొదటి పేజీ నుంచి వేలు పెట్టి చదవాల్సిందే. ఊరివారీగా ఇంకో నోట్‌బుక్ ముందే రాసి పెట్టుకుంటే ఒక్క పేజీ తీస్తే చాలు. కంప్యూటర్ చేసేది ఈ రెండో నోట్‌బుక్ పనే.

నిఘంటువులోని ప్రతి మాటనూ తీసుకుని, దాని అక్షరాలను ఎ నుంచి జడ్ వరసలో సర్దుతుంది. అలా వచ్చిన వరస ఆ మాటకు తాళంచెవి. 'చైన్' (గొలుసు) అక్షరాలు సర్దితే ఎ, సి, హెచ్, ఐ, ఎన్. 'చైనా' అక్షరాలు సర్దినా అదే వరస. ఒకే తాళంచెవి ఉన్న మాటలు ఒకే పేజీలో పడతాయి. ఇలాంటి మాటలే అనగ్రామ్‌లు (ఒక మాట అక్షరాలను తారుమారు చేసి పేరిస్తే వచ్చే మరో మాట). 'హింట్', 'థిన్' కూడా అలాంటి జంటే. ఇందులో చిన్న తమాషా ఉంది. హింట్ అక్షరాలు పుట్టుకతోనే వరసలో ఉన్నాయి, సర్దే పనే లేదు.

ఇప్పుడు లెక్క మారిపోతుంది. ఏ అక్షరం ముందు, ఏది వెనక అన్న ప్రశ్న పోయింది. ఏ అక్షరాలు వాడతాం అన్నదే మిగిలింది. మన పేరులో ఎనిమిది అక్షరాలు ఒక్కొక్కటే ఉన్నాయి. ఒక్కోదాన్ని తీసుకోవచ్చు, వదిలేయవచ్చు. 'ఎ'ని సున్నా నుంచి నాలుగుసార్ల వరకు వాడవచ్చు. గుణిస్తే 1,280. ఏమీ తీసుకోని ఖాళీని తీసేస్తే 1,279. రెండు కోట్లకు చేరువైన వెతుకులాట పదమూడు వందల లోపు పేజీలకు దిగింది. కష్టమంతా ముందే పడింది కాబట్టి జవాబు తేలిగ్గా వస్తుంది.

ఆ పేజీల్లో దొరికేవి: థింక్, థ్యాంక్, మ్యాచ్, మైండ్, అడ్మిట్, మేనియాక్. ఏడక్షరాల 'అడమంట్' కూడా ఉంది. పట్టు విడవని మనిషిని అనే మాట అది. ఈ ఊరిపేరులో అది దొరకడం కేవలం కాకతాళీయం. అర్థాలు తీసేవారు తీసుకోవచ్చు. అయితే పన్నెండు అక్షరాలకు ఈ పంట తక్కువే. కారణం, ఇంగ్లిష్‌లో అందరికన్నా ఎక్కువగా పనిచేసే 'ఇ' ఇందులో లేదు. బహువచనం చేసే 'ఎస్' లేదు. స్క్రాబుల్ ఆటను రూపొందించిన ఆల్ఫ్రెడ్ బట్స్, ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో తెలుసుకోవడానికి న్యూయార్క్ టైమ్స్ పేజీల్లో అక్షరాలు లెక్కపెట్టాడు. అందుకే ఆ ఆటలో 100 బిళ్లలుంటే 12 బిళ్లలు 'ఇ'వే.

ప్రశ్న ఇంకోలా కూడా ఉండవచ్చు. ఈ అక్షరాలు 'మాత్రమే' కాదు, ఈ అక్షరాలు 'తప్పకుండా' ఉన్న మాటలు కావాలి. సి, హెచ్, కె, ఎన్ నాలుగూ ఉండాలంటే కిచెన్, చికెన్, థికెన్ వస్తాయి. దీనికి తాళంచెవి పనికిరాదు. ఒక్కో మాటకు 26 గళ్ల హాజరు పట్టీ వేస్తారు. అక్షరం ఉంటే 1, లేకుంటే 0. పట్టీలను పోల్చడం కంప్యూటర్‌కు రెప్పపాటు పని. కానీ ఒక అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో ఈ పట్టీ చెప్పదు.

మనకిది పూర్తిగా కొత్త ఆటేమీ కాదు. 2021లో జోష్ వార్డ్‌ల్ లోకానికి ఇచ్చిన వర్డ్‌ల్ అనే, దాచిన మాటను ఊహించే ఆటలో ఆకుపచ్చ గడి అంటే ఈ చోట ఈ అక్షరమే. అవధానంలో న్యస్తాక్షరి (చెప్పిన చోట చెప్పిన అక్షరం పడేలా పద్యం కట్టడం) నియమం అదే. బూడిదరంగు గడిని (ఆ అక్షరం మాటలో ఎక్కడా లేదని అర్థం) నిషిద్ధాక్షరితో పోల్చవచ్చు గానీ పూర్తిగా అతకదు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు (ప్రశ్న అడిగేవాడు) వద్దన్న అక్షరం ఆ ఒక్క చోటికే నిషిద్ధం.

తెలుగులో ఇదే వెతుకులాట మొదలుపెడితే ఒక చిక్కు వస్తుంది. చింతమడకలో మనకు కనిపించేవి ఐదు అక్షరాలు: చిం, త, మ, డ, క. వాటితో మడత, తడక, కడమ వస్తాయి. యూనికోడ్ (ప్రతి లిపి గుర్తుకూ ఒక అంకె ఇచ్చే పద్ధతి) మాత్రం ఏడు ముక్కలు చూస్తుంది. చ, గుడి, సున్నా వేరువేరు. ఆ ముక్కలను అలాగే సర్దితే గుడి వెళ్లి 'త' నెత్తిన కూర్చుంటుంది, 'మతి' వస్తుంది. 'కంచి' వస్తుంది. ఫోన్ ఈ ఊరిపేరులో 'మంచి' కూడా ఉందంటుంది. పలక మీద గుణింతం దిద్దే పిల్ల మాత్రం ఒప్పుకోదు. 'చిం' ఒక్కటే అక్షరం, విరగ్గొట్టకూడదంటుంది.