క్రిస్మస్ అతిథికి పండ్లు, జున్ను పళ్ళెం

డిసెంబరు నెల వచ్చిందంటే మన ఇళ్ళకు రాకపోకలు ఎక్కువవుతాయి. కేరల్స్ పాడేవారు వస్తారు, చుట్టాలు వస్తారు, ఇరుగుపొరుగువారు శుభాకాంక్షలు చెప్పిపోవడానికి వస్తారు. వచ్చినవారి ముందు ఏమి పెట్టాలి అన్నది ఇల్లాలికి ప్రతి సంవత్సరం ఎదురయ్యే ప్రశ్నే.

బసంత్‌నగర్, రామగుండం, గోదావరిఖని ప్రాంతాల్లో ఈ ప్రశ్నకు మరో ముడి ఉంది. సింగరేణి కార్మికులకు లాభాల వాటా దసరాకు, బోనస్ దీపావళికి అందుతాయి. డిసెంబరు వచ్చేసరికి ఆ డబ్బు పిల్లల ఫీజులకో, పాత బాకీలకో వెళ్ళిపోయి ఉంటుంది. కాంట్రాక్టు పనులు చేసుకునే ఇళ్ళలో, చుట్టుపక్కల పల్లెల్లో కూలిపని మీద బ్రతికే ఇళ్ళలో చేతిలో ఉండేది ఇంకా తక్కువ. అయినా పెద్ద కేకు, ఖరీదైన మిఠాయి లేకపోతే చిన్నతనమని అప్పు చేసే కుటుంబాలు ఉన్నాయి. పండుగ ఒక్కరోజే, వడ్డీ మాత్రం ఏడాదంతా కట్టాలి.

పరిశుద్ధ గ్రంథంలో అతిథి మర్యాదను చూడండి. అబ్రాహాము తన గుడారానికి వచ్చిన ముగ్గురి ముందు పెట్టినవాటిలో వెన్న, పాలు ఉన్నాయి. యెష్షయి దావీదు చేత సహస్రాధిపతికి పంపినది పది జున్నుగడ్డలు (1 సమూయేలు 17:18). పశువులను మేపుకొనే ఆ ఇళ్ళలో ఉన్నది పాలే. ఉన్నదానిలో మంచిదే వారు ఇచ్చారు. మన పళ్ళెం కూడా అలాగే సిద్ధం చేసుకుందాం.

జున్ను ఎలా చేయాలి?

మనం జున్ను అనేది ఈనిన గేదె మొదటి పాలతో చేసేది. అది అన్ని రోజుల్లో దొరకదు. పైగా ఆ మొదటి పాలు ముందు దూడకు దక్కాలి, దాని బలమంతా అందులోనే ఉంది. కనుక పండుగకు మామూలు పాలను విరుగగొట్టి చేసుకునే జున్నుగడ్డే, అంటే పనీరే, మేలు.

ఒక లీటరు చిక్కని గేదె పాలను బాగా కాచి దించండి. ఒక పెద్ద నిమ్మకాయ రసంలో కొంచెం నీళ్ళు కలిపి, చెంచా చెంచాగా పోస్తూ నెమ్మదిగా కలపండి. పాలు విరిగి, నీరు తేటగా పచ్చటి రంగుకు రాగానే రసం పోయడం ఆపాలి. శుభ్రమైన పలుచని బట్టలో వడకట్టి, పులుపు పోయేలా పైన చన్నీళ్ళు పోయండి. చిటికెడు ఉప్పు, దంచిన మిరియాలు, కొద్దిగా జీలకర్ర కలిపి మూటకట్టి, నీళ్ళ బిందె కింద ఒక గంట ఉంచితే గడ్డకడుతుంది. లీటరు పాలకు సుమారు 200 గ్రాములు వస్తుంది. మిగిలిన నీటిని పారబోయక చపాతీ పిండి కలుపుకోండి. ఫ్రిజ్ లేని ఇంట్లో జున్నును ఆ రోజే తినివేయాలి.

ఏ పండ్లు పెట్టాలి?

ఈ కాలంలో పెరట్లో జామ, బొప్పాయి, అరటి ఉంటాయి. అంగడికి నాగపూరు కమలాలు, రేగుపండ్లు వస్తాయి. పెరటి జామను తక్కువగా చూడవద్దు; కమలాపండు కంటే జామలో సి విటమిన్ ఎక్కువ. పండ్లను కోయకముందే కడగాలి. జామ, అరటి ముక్కలపై కొద్దిగా నిమ్మరసం చల్లితే త్వరగా నల్లబడవు. పళ్ళెం మధ్యలో జున్ను ముక్కలు, చుట్టూ కమలా తొనలు, జామ, బొప్పాయి ముక్కలు, ఒక పక్క వేయించిన పల్లీలు, బెల్లం పెట్టండి. ఇంట్లో చేసిన అరిసెలు, మురుకులు వేరే పళ్ళెంలో ఉంచితే తడి తగలక కరకరలాడుతూ ఉంటాయి. చక్కెర వ్యాధి ఉన్న పెద్దలకు జున్ను, పల్లీలు, కొద్దిగా జామ చాలు. మొహమాటపెట్టి తీపి తినిపించవద్దు.

షిఫ్టుల ఇళ్ళకు ఒక మాట

మన ప్రాంతంలో అతిథులందరూ ఒకేసారి రారు. ఒకరు మొదటి షిఫ్టు దిగి వస్తారు, ఒకరు రెండో షిఫ్టుకు వెళ్ళేముందు వస్తారు. రాత్రి షిఫ్టు చేసినవారు పండుగ ఉదయం నిద్రకళ్ళతోనే ఆరాధనకు వస్తారు. కోసిన పండ్లు, జున్ను రెండు గంటలకు మించి బయట ఉంచడం మంచిది కాదు. అందుచేత ఒకే పెద్ద పళ్ళెం కాక, వచ్చినవారికి వచ్చినట్టు చిన్న పళ్ళాలు సిద్ధం చేయండి. బొగ్గు లారీలు తిరిగే దారి పక్క ఇళ్ళలో దుమ్ము క్షణంలో వాలుతుంది కనుక ముంగిట పెట్టే పళ్ళెంపై మూత తప్పనిసరి. ఆలస్యంగా వచ్చే ఇంటాయన భాగం కోయని పండ్లుగా దాచండి. అందరూ తిన్న తరువాత మిగిలిన ముక్కలు ఆయనకు పెట్టవద్దు.

పొరుగింటికి కూడా

ఈ కాలనీలకు పని కోసం ఎన్నో ఊళ్ళవారు వచ్చారు. మన పక్కనే హిందువులు, ముస్లిములు ఉంటారు. కేకులో గుడ్డు ఉంటుందని కొందరు తీసుకోలేరు, ఆ మాట చెప్పనూ లేక ఇబ్బందిపడతారు. నిమ్మరసంతో విరిచిన జున్ను, పండ్లు అయితే శాకాహారులు కూడా నిస్సంకోచంగా తింటారు. పిల్లల చేత పళ్ళెంపై శుభ్రమైన గుడ్డ కప్పి పంపించండి. ఈ సంవత్సరం ఆప్తులను పోగొట్టుకున్న ఇల్లు, పని పోయిన ఇల్లు మీ వీధిలో ఉంటే మొదటి పళ్ళెం అక్కడికే వెళ్ళాలి.

పక్కింటి పళ్ళెంతో మన పళ్ళెాన్ని కొలుచుకోవద్దు. లీటరు పాలు, నాలుగు జామపండ్లు, ఆరు కమలాలు ఉంటే నలుగురైదుగురు అతిథులకు మర్యాద చేయవచ్చు. వారి పక్కన కూర్చొని, తీరికగా మాట్లాడి, బాగోగులు అడగండి. దానికి అప్పు అక్కరలేదు.