గుహలోంచి వచ్చిన గోండులు

గోండుల పుట్టుక కథ ఒక గుహలో మొదలవుతుంది. పెద్ద బండ అడ్డుపెట్టిన ఆ చీకట్లో బందీలైన తమ పూర్వీకులను పహండి కుపార్ లింగో విడిపించాడని వాళ్లు చెప్పుకుంటారు. ఆయనే వాళ్లను నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల 'సగా'లుగా, అంటే గోత్ర సమూహాలుగా, విభజించాడట. ఇది ఉత్త కథ కాదు. ఒకే సగాలో పెళ్లి కుదరదన్న కట్టుబాటు దీన్నుంచే వచ్చింది.

ఈ గాథలను తరతరాలుగా మోసుకొచ్చింది పర్ధాన్లు. మూడు తీగల కిక్రి వాద్యం మీద గుర్రపు వెంట్రుకల కమాను ఆడిస్తూ వాళ్లు గంటల తరబడి వంశ చరిత్రలు పాడతారు. పుస్తకం లేని చోట పాటే గ్రంథాలయమైంది!

గోండులు అడవికే పరిమితమైన వాళ్లు కారు. గఢా, దేవగఢ్, చాందాల్లో కోటలు కట్టి రాజ్యాలేలారు. గఢా రాణి దుర్గావతి 1564లో మొగలు సేనతో పోరాడుతూ ప్రాణాలు విడిచింది. 'జల్ జంగల్ జమీన్' (నీరు, అడవి, భూమి) కోసం పోరాడిన కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు.

గోండి భాష ద్రావిడ కుటుంబంలో తెలుగున్న శాఖలోదే. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది.

పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరలో గోండుల్లోని మెస్రం వంశస్థులు కాలినడకన తెచ్చిన గోదావరి జలంతో దేవుడికి అభిషేకం చేస్తారు. కొత్త కోడళ్లను నాగోబాకు పరిచయం చేసే 'భేటి' కూడా అక్కడే. ఆ తర్వాతే వాళ్లకు వంశపు పూజల్లో పాల్గొనే అర్హత వస్తుంది.