కొండదారిలో సైకిలు: ఊహింపని అడ్డంకులు

తారురోడ్డు మీద సైకిలు నడుపువానికి ముందున్న దారి చాలవరకు తెలిసియే యుండును. కొండదారి అట్టిది కాదు. మలుపు తిరుగగానే చెట్టువేరు ఒకటి అడ్డముగా లేచియుండవచ్చును. నిన్నటి వానకు కోసుకుపోయిన గాడి నేడు ఎదురుకావచ్చును. ఒక్కొక్కప్పుడు జంతువే అడ్డుపడవచ్చును. ఇట్టి దారులలో సైకిలు పందెములు నేడు అనేక దేశములలో వ్యాపించినవి. 1996 లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో వానికి మొదటిసారి స్థానము లభించినది. ఈ దారులలోని ప్రమాదములను పరిశీలించినచో, ఉన్నత పాఠశాలలో చదువుకొను సూత్రములే వాని వెనుక కనబడును.

వేడెక్కిన బ్రేకు

ఈ క్రీడకు పుట్టినిండ్లలో ముఖ్యమైనది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమునందలి మెరిన్ కౌంటీ. 1970 దశకములో అచ్చటి యువకులు లావు టైర్లు గల పాత సైకిళ్లను బాగుచేసికొని కొండలపైనుండి దిగసాగిరి. ఫేర్‌ఫాక్స్ పట్టణమునకు చేరువనున్న ఒక మట్టిదారిలో 1976 అక్టోబరు 21 న వారు పందెము జరిపిరి. ఆ దారి సుమారు మూడున్నర కిలోమీటర్ల పొడవున, సుమారు 400 మీటర్లు దిగును. సైకిలును, మనిషిని కలిపి 90 కిలోగ్రాము లనుకొన్నచో, ఆ దిగుటలో తగ్గు స్థితిజశక్తి సుమారు 3,50,000 జౌళ్లు. ఒక లీటరు చన్నీటిని మరగబెట్టుటకు ఇది చాలును. ఇందులో చాలభాగము వెనుకచక్రపు ఇరుసులోని బ్రేకునందు వేడిగా మారెడిది. లోపలి గ్రీజు పొగయై పోయెడిది. దిగిన పిమ్మట మరల గ్రీజు నింపక తప్పెడిది కాదు. అందుచేతనే ఆ దారికి ‘మరల నింపుట’ అను అర్థమిచ్చు ‘రీప్యాక్’ అను పేరు వచ్చినది. వారికి ఎదురైన అడ్డంకి దారిలో లేదు, సైకిలులోనే ఉన్నది.

ఆగుటకు ఎంత దూరము?

అడ్డంకి కంటబడిన క్షణముననే సైకిలు ఆగదు. చూచుటకు, నిర్ణయించుటకు, బ్రేకు నొక్కుటకు ఒక సెకను పట్టు ననుకొందము. గంటకు 36 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 10 మీటర్లు. అనగా బ్రేకు పట్టకముందే 10 మీటర్లు గడచిపోవును.

ఆపైన ఆగుటకు పట్టు దూరము టైరునకు నేలకు నడుమనుండు ఘర్షణను బట్టి యుండును. గట్టినేలపై ఘర్షణ గుణకము 0.5 అనుకొన్నచో, చదునుదారిలో మరి 10 మీటర్లు కావలెను. 10 డిగ్రీల దిగుడులో, సైకిలు బరువులో కొంతభాగము దానిని క్రిందికే లాగును గనుక, 16 మీటర్లు పట్టును. అదే దిగుడుపై గులకరాళ్లు పరచుకొనియుండి గుణకము 0.3 కు పడిపోయినచో 42 మీటర్లు కావలెను. మొదటి 10 మీటర్లు కలుపగా మొత్తము 52. వాలు 17 డిగ్రీలకు చేరినచో ఆ రాళ్లపై ఎంత మంచి బ్రేకైనను సైకిలును ఆపలేదు. ఏలయన 17 డిగ్రీల టాంజెంటు 0.3 ను మించుచున్నది.

వేగము సగమైనచో బ్రేకు పట్టిన తరువాతి దూరము నాలుగవ వంతగును. గులకరాళ్ల దిగుడులో 52 మీటర్లకు బదులు సుమారు 16 మీటర్లు చాలును.

మెట్టు, వేరు, గాడి

చక్రము మెట్టును ఎక్కవలెనన్న దాని అంచుపై తిరిగి పైకి లేవవలెను. చక్రము పెద్దదైనకొలది ఈ పని సులువగును. 10 సెంటీమీటర్ల మెట్టును ఎక్కించుటకు 33 సెంటీమీటర్ల వ్యాసార్ధము గల చక్రము ఇరుసువద్ద, దానిపై నున్న బరువునకు 1.03 రెట్ల క్షితిజ సమాంతర బలము కావలెను. 37 సెంటీమీటర్ల చక్రమునకు 0.94 రెట్లు చాలును. బలము చాలనప్పుడు ముందుచక్రము నిలిచిపోవును, మనిషి ముందునకు సాగును. అతడు హ్యాండిలు మీదుగా పడుట దీనివలననే.

ముందు బ్రేకును గట్టిగా నొక్కినను ఇట్లే జరుగును. గరిమనాభి నేలనుండి 110 సెంటీమీటర్ల ఎత్తునను, ముందుచక్రము నేలను తాకుచోటికి 60 సెంటీమీటర్లు వెనుకగాను ఉన్నదనుకొందము. చదునునేలపై వేగము తగ్గు రేటు గురుత్వ త్వరణములో 0.55 వంతును మించినచో వెనుకచక్రము లేచును. 10 డిగ్రీల దిగుడులో ఈ హద్దు 0.36 కు తగ్గును. అందుచేతనే నేర్పరులు దిగునప్పుడు నడుమును వెనుకకు జరిపి, శరీరమును క్రిందికి వంచుదురు.

వేరు తడిసినచో మరియొక చిక్కు కలదు. బెరడు అరిగిన వేరుపై నీటిపొర యున్నప్పుడు పట్టు మిక్కిలి తగ్గును. వేరు దారికి ఏటవాలుగా ఉన్నచో టైరు దానివెంట ప్రక్కకు జారును. కనుక దానిని లంబముగా, బ్రేకు నొక్కకుండ దాటవలెను.

గాడి సంగతి వేరు. సైకిలు ఒకప్రక్కకు ఒరిగినప్పుడు ముందుచక్రమును ఆ ప్రక్కకే త్రిప్పి మనము నిలుపుకొందుము. లోతైన గాడి చక్రమును త్రిప్పనీయదు. త్రిప్పుటకు వీలులేనప్పుడు సమతౌల్యము నిలుపుటకును వీలుండదు.

కంటికి కానరానివి

ఎండలోనుండి చెట్లనీడలోనికి ఒక్కసారిగా ప్రవేశించినప్పుడు కనుపాప విచ్చుకొనుటకు కొంత వ్యవధి కావలెను. కంటి లోపలిపొర చీకటికి పూర్తిగా అలవాటుపడుటకు అనేక నిమిషములు పట్టును. ఆ కొద్దిక్షణములలో సెకనుకు 10 మీటర్లు సాగువానికి రాయి, గుంత తెలియకపోవచ్చును. దారికడ్డముగా కట్టిన సన్నతీగ మరియు ప్రమాదకరము. 2 మిల్లీమీటర్ల తీగ 10 మీటర్ల దూరమున కంటివద్ద చేయు కోణము ఒక నిమిషముకన్న తక్కువ. వెనుక ఆకులున్నచో దానిని గుర్తించుట మిక్కిలి కష్టము.

ప్రాణులు సైతము ఇట్లే అకస్మాత్తుగా ఎదురగును. 2011 లో దక్షిణాఫ్రికాలోని ఆల్బర్ట్ ఫాల్స్ వద్ద పందెములో నున్న ఒక యువకుని, ప్రక్కనుండి పరుగెత్తివచ్చిన హార్ట్‌బీస్ట్ అను పెద్ద జింకజాతి జంతువు గుద్ది పడవేసినది. అతడు బ్రదికెను. 2004 లో కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ దారిలో కొండసింగము వాతబడి సైకిలు నడుపువాడొకడు మరణించెను.

ఒక నియమము

అడ్డంకి ప్రమాదము దాని పరిమాణమునందు మాత్రమే లేదు. అది ఎంత దూరమునుండి కనబడునో అందున్నది. కనబడు దూరముకన్న ఆగు దూరము తక్కువైనచో అపాయము తప్పించుకొనవచ్చును. మెరిన్ కౌంటీ దారులలో కాలినడకవారికిని, గుర్రపు రౌతులకును ఇబ్బంది కలుగగా విధించిన వేగ పరిమితికి ఆధారము ఇదియే. అచ్చట గంటకు 15 మైళ్లు, అనగా 24 కిలోమీటర్లు మించరాదు. మలుపులవద్దను, ఇతరులను దాటునప్పుడును 5 మైళ్లు, అనగా 8 కిలోమీటర్లు మాత్రమే. పైని చెప్పిన గులకరాళ్ల దిగుడులో సైతము 24 కిలోమీటర్ల వేగమున 25 మీటర్లలోను, 8 కిలోమీటర్ల వేగమున నాలుగున్నర మీటర్లలోను ఆగవచ్చును.

ఘర్షణ గుణకమును పాఠశాలలోనే కొలువవచ్చును. ఒక పలకపై పాత టైరు ముక్కను పరచి, దానిపై బరువునుంచి, పలకను మెల్లగా పైకెత్తవలెను. ముక్క జారనారంభించిన కోణపు టాంజెంటే ఘర్షణ గుణకము. పలకపై ఇసుక చల్లి, తరువాత తడిపి మరల కొలిచినచో విలువ ఎట్లు మారునో విద్యార్థులే చూడగలరు. బడికి సైకిలుపై వచ్చు విద్యార్థికి ఆ అంకెలు కొండదారికే కాదు, ఊరి కంకరబాటకును పనికివచ్చును.