ఎగురుతొండ నివసించు దేశము



కంచెపై కూర్చుండి తలయూచు తొండను మీరందరు నెరుగుదురు. దాని దాయాదియే నేడు నేను చెప్పబోవు ఎగురుతొండ. తోకతో కూడ జానెడుండును. దాని ప్రక్కటెముకలలో కొన్ని జతలు మేనిని దాటి వెలుపలికి పెరిగియుండును. వానిపై పలుచని తోలు పరచుకొనియుండును. గొడుగు చువ్వలపై గుడ్డవలె దానిని విప్పును, ముడుచును. పక్షివలె పైకి లేవజాలదు. ఒక చెట్టు పైభాగమునుండి దూకి, గాలిలో జారుచు, వేరొక మ్రానుపై వ్రాలును. ఒక్క దూకున 20, 30 గజములు పోగలదు. అట్లు పోవునపుడు ముంగాళ్లతో రెక్క యంచును పట్టుకొనునని 2017లో ప్రకటింపబడిన యొక పరిశీలనవలన తెలిసినది.

ఈ కులమునకు శాస్త్రజ్ఞు లిడిన పేరు డ్రాకో. లాటిను భాషలో మహాసర్పమని దాని యర్థము. చీమలను దిను జానెడు జీవికి ఎంత పేరు! ఇందు సుమారు 40 జాతులు కలవు. అస్సాము అడవులు మొదలుకొని బర్మా, మలయా, సుమత్రా, జావా, బోర్నియో, ఫిలిప్పైన్సుల వరకు ఇవి వ్యాపించియున్నవి. వీనిలో ఒక జాతి మాత్రము తక్కినవానికి మిక్కిలి దూరముగా పడమటి కనుమలలో, కేరళము, కర్ణాటకపు మలెనాడు, గోవా ప్రాంతములలో నివసించుచున్నది. డుసుమియే అను ఫ్రెంచివాని పేర దానికి 1837లో నామకరణము జరిగినది.

నడుమ ఇంత యెడము ఎట్లు కలిగినది? మలయా ప్రాంతపు జీవులు వింధ్య సాత్పురా పర్వతముల వెంట పడమటి కనుమలకు వచ్చినవని సుందరలాల్ హోరా పండితుడు 1949లో వాదించెను. ఆయన వాదమునకు ముఖ్యాధారము కొండవాగుల చేపలు. చేపకు నీరు చాలును. ఈ తొండకు చెట్టు వెంట చెట్టు కావలెను. కావున పూర్వము తడియడవి తెగక వ్యాపించియుండి, పిమ్మట నడిమి దేశ మెండిపోయినదనుటయే నాకు సమంజసముగా తోచుచున్నది.

దాని దేశమునకు ఎల్ల మ్రానుల నడిమి దూరమే. అడవిలో వెడల్పుగా బాట నరికినచో దానికది సముద్రమువంటిది. ఆడుది మాత్రము నేలకు దిగి, మంట్లో గ్రుడ్లు పెట్టి, కప్పి, మరల చెట్టెక్కును. ఆ కొద్దికాలమే దానికి మిక్కిలి ప్రమాదము.

అడవి పోయినచోట పోకతోటలు దీనిని నిలుపుచున్నవి. నిటారైన మ్రానులు, నడుమ ఖాళీ, మ్రానులపై చీమలు: దూకుటకు, తినుటకు అంతకన్న నేమి కావలెను? అయినను ఆ తోటలో చీమలకు విషము చల్లినచో దాని కూడు పోయినట్లే.

శృంగేరికో, ఉడుపికో యాత్ర వెళ్లువారు ఎండ యెక్కిన పిమ్మట పోకమ్రానులను నిదానించి చూడుడు. రంగు పట్టతో కలిసిపోవుటచే తొండ కానరాదు. మెడక్రింద పసుపుపచ్చని తోలు కదలినచో నది మగది.