ఒక్క కాటు - ముగ్గురు శత్రువులు

పశువుల చెవులకూ, పొదుగుకూ కరచుకొని నెత్తురు తాగే పిడుదును మీలో చాలామంది చూసే ఉంటారు. ఎదిగిన పిడుదు కాళ్ళు లెక్కపెట్టండి. ఎనిమిది! అంటే అది కీటకం కాదు, సాలీడుకు చుట్టం. మన పశువులపై సాధారణంగా కనిపించేది వేరే జాతి. అమెరికా ఈశాన్య ప్రాంతపు అడవులలో ఉండే ఒక జాతి పిడుదు మాత్రం ఒక్క కాటుతో మూడు రోగాలు అంటించగలదు. అదెలాగో చూద్దామా?

లైమ్ ఊరి పిల్లలు

1975లో కనెక్టికట్ రాష్ట్రంలోని లైమ్ అనే ఊళ్ళోనూ, చుట్టుపక్కలా ఎందరో పిల్లలకు మోకాళ్ళు వాచాయి. ఇంతమందికి ఒకేసారి కీళ్ళజబ్బా అని తల్లులకు అనుమానం వచ్చింది. అలెన్ స్టీర్ అనే వైద్యుడు పరిశోధన మొదలుపెట్టాడు. 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రజ్ఞుడు పిడుదుల కడుపులో స్ప్రింగులా మెలితిరిగిన బాక్టీరియాను చూశాడు. అతని పేరుమీదనే దానిని 'బొర్రేలియా బర్గ్‌డార్ఫెరి' అంటారు.

తోడుదొంగలు

ఈ పిడుదు పిల్ల తరచు తెల్లకాళ్ళ ఎలుక నెత్తురు తాగుతుంది. ఆ నెత్తురులో బొర్రేలియాకు తోడు మరి రెండు జీవులు ఉండవచ్చు. తెల్ల రక్తకణాలలో దూరే అనాప్లాస్మా అనే బాక్టీరియా ఒకటి. ఎర్ర రక్తకణాలను పగులగొట్టే బెబీసియా రెండవది. ఇది బాక్టీరియా కాదు. మలేరియా క్రిమివంటి ఏకకణజీవి. పిడుదు కుబుసం విడిచి గసగసాల గింజంత అయ్యాక మనిషిని కరిస్తే, వీటిలో ఒకటో, రెండో, ఒక్కొక్కప్పుడు మూడూనో మనిషిలోకి చేరతాయి.

ఒక్క మందు చాలదా?

డాక్సీసైక్లిన్ అనే మందు బాక్టీరియాను ప్రోటీనులు తయారుచేసుకోనివ్వదు. కనుక బొర్రేలియా, అనాప్లాస్మా రెండూ దానికి లొంగుతాయి. లైమ్ వ్యాధికి అమాక్సిసిలిన్ కూడా పనిచేస్తుంది; కాని అనాప్లాస్మా దానికి లొంగదు. ఇక బెబీసియా సంగతి? దానికి అటోవక్వోన్, అజిత్రోమైసిన్ అనే రెండు మందులు కలిపి సాధారణంగా 7 నుంచి 10 రోజులు ఇస్తారు. అటోవక్వోన్‌ను మలేరియాకు కూడా వాడతారు.

చర్మంపై గుండ్రని ఎర్రమచ్చ చూసి వైద్యుడు లైమ్ మందు ఇచ్చాడనుకోండి. 48 గంటలు గడిచినా జ్వరం తీవ్రంగానే ఉంటే, మరో శత్రువు దాగి ఉన్నాడేమోనని అనుమానించాలి. రక్తపు చుక్కను గాజుపలకపై పూసి సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తే ఎర్రకణాలలో బెబీసియా కనబడవచ్చు. అప్పుడు రెండు చికిత్సలూ ఏకకాలంలో జరగాలి. ఆలస్యమైతే వృద్ధులకూ, ప్లీహం తీసివేసినవారికీ ప్రాణాపాయం. అలాగని అనుమానం లేకుండా అందరికీ అన్ని మందులూ ఇవ్వరు.

పిడుదు కరచుకొని ఉంటే నిప్పు, కిరసనాయిలు వాడవద్దు. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకొని, తిన్నగా పైకి లాగాలి. లైమ్ క్రిమి ఒంట్లోకి దిగడానికి సాధారణంగా ఒక రోజు పైనే పడుతుంది. ఎంత త్వరగా తీస్తే అంత మేలు!